నెట్ స్లో అంటే ఏది స్లో?

తిరుపతిలో ఎవరింట్లో నెట్ మొరాయించినా మాట ఒకటే: ‘నెట్ స్లో’. వీడియో కాల్‌లో అమెరికా కొడుకు బిగుసుకుపోయినా స్లోనే, సినిమా మధ్యలో చక్రం తిరిగినా స్లోనే. జ్వరమని వచ్చినవాణ్ణి డాక్టరు అడిగినట్టు, ‘ఏది స్లో?’ అని అడగడం నాకు అలవాటు.

స్లోకు కారణాలు మూడు. మొదటిది బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు ఎంత డేటా పారగలదన్న లెక్క. ‘వంద ఎంబీ ప్లాన్ సార్, డౌన్‌లోడ్ పన్నెండు దాటదు, అంతా మోసం’ అన్నాడు ఎదురింటి కుర్రాడు. మోసం కాదు. ప్లాన్ లెక్క బిట్లలో, కంప్యూటర్ చూపేది బైట్లలో. బైటుకు 8 బిట్లు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నరే.

రెండోది లేటెన్సీ. మనం అడిగింది వెళ్లి, జవాబు తిరిగొచ్చేదాకా పట్టే సమయం. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పింగ్’ అని కొట్టి సైటు పేరిస్తే మిల్లీసెకన్లలో వరుసగా చూపిస్తుంది. సర్వర్ అమెరికాలో ఉంటే ఆ అంకె 200 దాటడం మామూలే. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. ఎంత పెద్ద ప్లాన్ కొన్నా దూరం తగ్గదు. మన జిల్లా శ్రీహరికోట నుంచి 2018లో ఎగిరిన జీశాట్-29 లాంటి ఉపగ్రహాలు దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి. ఆ దారిన ప్రశ్న పోయి జవాబు రావడానికి అర సెకను. తీగ చేరని కొండపల్లెకు అదే వరం. కాకపోతే ఫోన్‌లో ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డం పడుతుంటారు.

మూడోది ప్యాకెట్ లాస్. నెట్‌లో డేటా చిన్న చిన్న ముక్కలుగా పోతుంది, ఆ ముక్కే ప్యాకెట్. పింగ్ వరుసలో నడుమ నడుమ ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని పడుతుంటే ప్యాకెట్లు దారిలో పోతున్నాయేమో అనుమానించాలి. సినిమా అయితే పోయినదాన్ని మళ్లీ తెప్పించుకుంటుంది, ముందే కొంత నిల్వ పెట్టుకుంటుంది. వీడియో కాల్‌కు ఆ తీరిక లేదు, మాట తెగుతుంది.

ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే మోడెమ్ డబ్బా మీద ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే ఈ మూడూ కావు. ఫైబర్‌లో వెలుగే సరిగా రావడం లేదు. వీధిలో తెగి ఉండాలి, లేదా కిటికీ సందులో మడత పడి ఉండాలి.

ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించేది బ్యాండ్‌విడ్త్ ఒక్కటే. అందుకే మాట తెగుతోందని పెద్ద ప్లాన్‌కు మారి, నెల తిరిగేసరికి మళ్లీ తిట్టుకుంటాం. కస్టమర్ కేర్‌కు ‘నెట్ స్లో’ అంటే రౌటర్ ఆపి వేయమంటారు. ‘వైఫై కాదండీ, కేబుల్ పెట్టే చూశా, వందకు పది ప్యాకెట్లు పోతున్నాయి’ అని చెప్పి చూడండి. లైన్ చూసే మనిషిని పంపమని గట్టిగా అడగడానికి మన చేతిలో లెక్క ఉంటుంది.