కత్తికి అందని భయం

కోనన్ అనగానే చాలామందికి కండలు గుర్తొస్తాయి. 1982లో వచ్చిన సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ దేహం, అంతకుముందు 1966 నుంచి లాన్సర్ పేపర్‌బ్యాక్ పుస్తకాల అట్టల మీద ఫ్రాంక్ ఫ్రజెట్టా గీసిన మొరటు యోధుడు, 1970లో మొదలైన మార్వెల్ వారి కోనన్ కామిక్స్ కలిసి ఆ పాత్రను ఒక బొమ్మగా స్థిరపరిచాయి. ఆ బొమ్మను బట్టి కథను ఊహించుకోవడం సులువే. ఒక బలశాలి ఉంటాడు, రాక్షసుణ్ణి నరుకుతాడు, సుందరిని భుజాన వేసుకుపోతాడు. కోనన్‌ను సృష్టించిన రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసిన కథలు తెరిస్తే ఈ ఊహ ఎంతోసేపు నిలవదు. కండా కత్తీ వాటిలోనూ దండిగా ఉన్నాయి. అయితే మంచి కథల్ని నడిపించేది భయం. కత్తి తప్ప మరో ఆధారం లేనివాడు, కత్తికి అందనిదాన్ని ఎదుర్కోవలసి రావడం దగ్గరే ఆ కథలు పుడతాయి. ఇంగ్లీషులో స్వోర్డ్ అండ్ సోర్సరీ అని పిలిచే ఈ కత్తి–మంత్రాల కథా సంప్రదాయపు పనితనం, విలువ తెలియాలంటే హోవర్డ్ ఆ భయాన్ని ఎలా కట్టాడో చూడాలి.

హోవర్డ్ 1906లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి పల్లెటూళ్లలో వైద్యం చేసే డాక్టరు, తల్లి క్షయరోగి. 1919లో ఆ కుటుంబం క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊరికి చేరింది, అతని తక్కిన జీవితం దాదాపుగా అక్కడే గడిచింది. ఆ ప్రాంతంలో చమురు పడినప్పుడు ఊళ్లు ఒక్కసారిగా ఉబ్బిపోవడం, డబ్బుతో పాటు జూదమూ కొట్లాటలూ రావడం, జోరు తగ్గాక అంతా చప్పబడిపోవడం అతను కళ్లారా చూశాడు. నాగరికత అనేది పైపూత, ఎప్పుడైనా రాలిపోతుందన్న నమ్మకం అతనికి అక్కడే బలపడింది. చదువులో రెండు పాయలున్నాయి. అడ్వెంచర్ పత్రికలో హెరాల్డ్ లాంబ్ రాసిన కొసక్కుల కథలు, టాల్బట్ ముండీ రాసిన ఇండియా, అఫ్గాన్ సరిహద్దు కథలు ఒక పాయ. అవి చరిత్రను పరుగులు పెట్టించే కథలు. వియర్డ్ టేల్స్ పత్రికలోని భయానక సాహిత్యం రెండో పాయ. ఆ పత్రికకు పెద్ద దిక్కయిన హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్‌తో 1930లో మొదలైన ఉత్తరాలు హోవర్డ్ చనిపోయేదాకా ఆగలేదు. అనాగరికుడు మేలా, నాగరికుడు మేలా అన్న విషయం మీద ఇద్దరూ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. లవ్‌క్రాఫ్ట్ కథల్లో మనిషి విశ్వరహస్యం ఎదుటపడగానే మూర్ఛపోతాడు, లేదా మతి తప్పుతాడు. హోవర్డ్ అదే రహస్యం ముందుకు లాంబ్ కథల్లోని మనిషిని తెచ్చి నిలబెట్టాడు. వాడికీ వణుకు పుడుతుంది, కాని పారిపోడు.

1929 ఆగస్టులో వచ్చిన 'ది షాడో కింగ్‌డమ్'ను ఈ తరహాలో మొదటి కథగా చాలామంది లెక్కిస్తారు. అట్లాంటిస్ నుంచి వచ్చిన కల్ అనే యోధుడు పరాయి రాజ్యానికి రాజవుతాడు. మనుషుల ముఖాలు తగిలించుకున్న సర్పజాతి తన కొలువులోనే తిరుగుతోందని అతనికి తెలుస్తుంది. దెబ్బ తగిలితే వాళ్లూ చస్తారు, చచ్చాక అసలు ముఖం బయటపడుతుంది. మరి బతికున్నవాళ్లలో ఎవరు మనిషో, ఎవరు పామో తేల్చేదెలా? తన రూపమే ఎత్తినవాడు తన సింహాసనం మీద కూర్చుని ఉండడం చూసిన రాజు, ఆ తర్వాత తన మీద తానైనా నమ్మకం ఉంచుకోగలడా? కల్ కత్తి పాముల్ని చంపగలిగింది గాని, అవి విడిచిపోయిన అనుమానాన్ని చంపలేకపోయింది.

కోనన్ పుట్టుక ఇంతకన్నా గట్టి సాక్ష్యం. కల్ మీద హోవర్డ్ 'బై దిస్ యాక్స్ ఐ రూల్' అనే కథ రాశాడు. రాజును చంపడానికి కుట్ర, పాత చట్టం అడ్డు తగిలిన ఒక ప్రేమజంట, చివరికి గొడ్డలితో ఆ శాసనాన్ని బద్దలు కొట్టే రాజు ఉన్న ఆ కథలో మంత్రం లేదు. కథ అమ్ముడుపోలేదు. దాన్నే తిరగరాసి 1932 డిసెంబరులో వియర్డ్ టేల్స్‌లో 'ది ఫీనిక్స్ ఆన్ ది స్వోర్డ్'గా అచ్చు వేయించాడు. కల్ స్థానంలో కోనన్ వచ్చాడు. ప్రేమజంట పోయి, పోగొట్టుకున్న ఉంగరం కోసం రగిలిపోయే థాత్ అమోన్ అనే మాంత్రికుడూ అతను పంపే పిశాచమూ వచ్చారు. కుట్ర, గొడ్డలి అలాగే ఉండిపోయాయి. అంటే వీరుడి బలం పాత కథలోనే పూర్తిగా ఉంది. కొత్తగా చేరింది, బలం చాలని సన్నివేశం. పోరు ముగిశాక కొలువువాళ్లు రాజు మాటను గాయాల తాలూకు సంధి ప్రేలాపన అనుకుంటారు. నేల మీద నెత్తుటి మరకలో ఆ పిశాచం ఆకారం కనిపించాక నోరు మెదపరు. కథ గెలుపు మీద కన్నా ఆ మరక మీదే ఎక్కువ బరువు మోపింది.

ఇలాంటి భయం నమ్మకంగా పండాలంటే చుట్టూ ఉన్న తక్కిన లోకమంతా గట్టిగా ఉండాలి. ఇక్కడ హోవర్డ్ వాడిన ఉపాయం తెలివైనది. చారిత్రక కథలంటే అతనికి ప్రాణం. అయితే వాటికి పరిశోధన కావాలి, మాటకింత అని లెక్కగట్టి ఇచ్చే పత్రికలకు రాసి బతికేవాడికి అంత తీరిక ఉండదు. అందుకని అట్లాంటిస్ మునిగాక, మనకు తెలిసిన చరిత్ర మొదలు కాకముందు హైబోరియన్ యుగం అనేదాన్ని కల్పించాడు. అందులో స్టీజియాను చూస్తే ఈజిప్టు, అక్విలోనియాను చూస్తే మధ్యయుగపు ఫ్రాన్సు, కితాయ్‌ను చూస్తే చైనా తోస్తాయి. 1934లో వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్'లో వెంధ్య అనే దేశం, దాని రాజధాని అయోధ్య, ఉత్తరాన హిమేలియన్ కొండలు, అఫ్గులీలు కనిపిస్తారు. తెలుగు పాఠకుడికి వింధ్య, హిమాలయాలు వెంటనే స్ఫురిస్తాయి. ఇది భారతదేశం కాదని, ముండీ నవలల్లోంచి జారిపడిన ఇండియా అని కూడా అంతే త్వరగా అర్థమవుతుంది. అయినా ఉపాయం పారుతుంది. ఒక్క పేరుతో కోటలు, కనుమలు, వర్తకుల బిడారాలు పాఠకుడి జ్ఞాపకంలోంచే నడిచి వస్తాయి, పేజీల కొద్దీ వర్ణన అక్కర్లేదు. మిగిలిన చోటంతా భయానికి దక్కుతుంది. ఈ కథ మొదట్లో వెంధ్య రాజు మరణశయ్య మీద ఉంటాడు. దూరాన ఉన్న మాంత్రికులు అతని ఆత్మను లాగేసుకుంటున్నారు. అది వాళ్లకు చిక్కకముందే తనను చంపమని చెల్లెలు యాస్మినాను వేడుకుంటాడు, ఆమె పొడుస్తుంది. కథలో మొదటి కత్తిపోటు శత్రువు మీద పడలేదు, సొంత అన్న మీద పడింది.

ఈ పనితనం మొత్తం ఒక్కచోట చూడాలంటే 1933 మార్చిలో వచ్చిన 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్' చదవాలి. కోనన్ అప్పటికి కుర్ర దొంగ. యారా అనే మాంత్రికుడి గోపురంలో ఉన్న రత్నం కోసం గోడ ఎక్కుతాడు. సగం దాకా ఇది అచ్చమైన దొంగతనం కథ. తోటలో కాపలా సింహాలు, వాటిని చంపే విషపు పొడి, చచ్చిపోయిన ఆడవాళ్ల జుట్టుతో పేనిన తాడు, తోడొచ్చిన పేరుమోసిన దొంగ, వాణ్ణి కాటేసిన పెద్ద సాలీడు అన్నీ వరసగా, చేతికి తగిలేంత స్పష్టంగా వస్తాయి. తలుపు తెరిచాక కథ మలుపు తిరుగుతుంది. లోపల ఏనుగు తల ఉన్న ఒక జీవి ఉంటుంది. కోనన్ మొదట కొయ్యబారిపోతాడు. తర్వాత గమనిస్తాడు, దాని కళ్లు పోయాయి, అవయవాలు చిత్రహింసతో విరిగిపోయాయి. వేరే గ్రహం నుంచి వచ్చి, మనిషి కోతిదశ నుంచి ఎదగడం చూసి, చివరికి అదే మనిషి చేతిలో బందీగా వందల ఏళ్లు నరకం పడిన జీవి అది. కోనన్ భయం జాలిగా, జాలి మనిషిగా పుట్టినందుకు కలిగే సిగ్గుగా మారుతుంది. ఆ జీవి కోరినట్టే దాని గుండెలో కత్తి దించుతాడు. యారా నాశనమవుతాడు, గోపురం కూలిపోతుంది, దొంగ వట్టి చేతులతో బయటికొస్తాడు. కథ మొత్తంలో కోనన్ కత్తి చేసిన అతి ముఖ్యమైన పని ఒక బాధితుణ్ణి విముక్తుణ్ణి చేయడం. దీన్ని కండబలం మీద మోజుతో రాసిన కథ అనడం కష్టం.

మంత్రం పట్ల ఈ వైఖరి మన జానపద సంప్రదాయం పక్కన పెడితే ఇంకా తేటపడుతుంది. 'పాతాళ భైరవి'లో బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. తోటరాముడి చేతికొస్తే మేలు, నేపాళ మాంత్రికుడి చేతికి పోతే కీడు. శక్తికి సొంత గుణం లేదు, పట్టుకున్నవాడి గుణమే దానిది. హోవర్డ్ లోకంలో శక్తి మొదటి నుంచీ మనిషికి పరాయిది, దాన్ని చేపట్టినవాడు క్రమంగా మనిషితనం పోగొట్టుకుంటాడు. కోనన్ అప్పుడప్పుడు ఒక తాయెత్తు లాంటిదో, ఒక ముని ఆశీస్సో సాయం పొందుతాడు గాని, విద్య నేర్చుకోడు, నేర్చుకోవాలని కోరుకోడు. అతని దేవుడు క్రోమ్ పుట్టినప్పుడు కాస్త సత్తువ ఇచ్చి వదిలేసే రకం. మొక్కితే పలకడు, పైగా విసుక్కుంటాడు. పైనుంచి ఎవరూ దిగిరారని ముందే తెలిసిన కథలో మనిషి చేసే చిన్న పనికి కూడా విలువ పెరుగుతుంది.

భయం అంటున్నారు సరే, వీరుడు చావడని ముందే తెలిసినప్పుడు భయం ఎక్కడిది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా హోవర్డ్ మొదటి కథలోనే కోనన్‌ను నడివయసు రాజుగా చూపించి, తర్వాత వెనక్కి వెళ్లి కుర్రతనం కథలు రాశాడు. అతను బతుకుతాడో లేదో అన్న ఉత్కంఠను రచయితే చేజేతులా వదులుకున్నాడన్నమాట. అందువల్ల భయాన్ని కోనన్ ప్రాణం చుట్టూ కాక, అతని పక్కనున్నవాళ్ల చుట్టూ అల్లవలసి వచ్చింది. 1935లో వచ్చిన 'బియాండ్ ది బ్లాక్ రివర్' చూడండి. పిక్టులు అనే ఆటవిక జాతి అడవి అంచున వలసదారుల కోట పడిపోతుంది, ఒక రాష్ట్రమంతా చేజారుతుంది. బాల్థస్ అనే మామూలు కుర్రాడు, ఒక కుక్క, పారిపోతున్న కుటుంబాలకు కాస్త వ్యవధి దొరకాలని నిలబడి చచ్చిపోతారు. కోనన్ బతికాడు, కాని ఓటమిని ఆపలేకపోయాడు. నాగరికత అసహజమని, చివరికి గెలిచేది అనాగరికతేనని ఒక అడవి మనిషి చెప్పే అభిప్రాయంతో కథ ముగుస్తుంది. లోకాన్ని కాపాడే వీరుడు ఇక్కడ లేడు. 1954–55లో వచ్చిన టోల్కీన్ నవలతో ఈ సంప్రదాయానికి ఉన్న పెద్ద తేడా ఇదే. ఇక్కడ పందెం ఒక మనిషి, ఒక రాత్రి, మహా అయితే ఒక రాష్ట్రం.

డబ్బు కోసం హడావిడిగా రాసిన చవకబారు సరుకు అన్నది రెండో అభ్యంతరం. డబ్బు కోసమే రాశాడు, సందేహం లేదు. 1935లో వియర్డ్ టేల్స్ సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్‌కు రాసిన ఉత్తరంలో పత్రిక తనకు 800 డాలర్లకు పైగా బాకీ ఉందని, తల్లి వైద్యానికి ఆ డబ్బు అవసరమని మొరపెట్టుకున్నాడు. తల్లి ఇక స్పృహలోకి రాదని తెలిసిన రోజు, 1936 జూన్ 11న, 30 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. కోనన్ కథల్లో నాసిరకానివీ ఉన్నాయి. పాడుబడ్డ నగరం, ఒక పిల్ల, ఒక భూతం అనే మూసలో వరసగా పోసినవి ఇప్పుడు చదివితే విసుగు పుడుతుంది. కాని అదే బజారు అతనికి నిడివి మీద అదుపు నేర్పింది. అతను పూర్తి చేసిన 21 కోనన్ కథల్లో నవల ఒక్కటే. మొదటి పేజీలో పాఠకుణ్ణి పట్టుకోకపోతే కథ తిరిగొచ్చే చోట, వాక్యంలో క్రియకు పని పెట్టడం, వర్ణనను కదలికలో కలిపేయడం అతనికి అలవాటయ్యాయి.

మూడో అభ్యంతరానికి సులువైన జవాబు లేదు. నల్లజాతివాళ్లను హోవర్డ్ చిత్రించిన తీరు చాలాచోట్ల జాత్యహంకారమే. 'షాడోస్ ఇన్ జంబౌలా'లో నరమాంస భక్షకులు, అతని మరణానంతరం అచ్చయిన 'ది వేల్ ఆఫ్ లాస్ట్ విమెన్' అందుకు ఉదాహరణలు. చిన్నతనంలో తనకు గగుర్పాటు కలిగించే కథలు చెప్పింది బానిసత్వం అనుభవించిన ఒక నల్లజాతి వంటమనిషి అని లవ్‌క్రాఫ్ట్‌కు అతనే రాశాడు. తన కళకు మూలమైన భయాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, వాళ్లనే భయపెట్టే వస్తువుగా మార్చడం నైతికంగానే కాదు, కళలో కూడా లోపం. చర్మం రంగు చూపించి భయపెట్టబోయిన ప్రతిచోటా కథ సోమరితనంలోకి జారింది. ఆడవాళ్ల విషయంలో లెక్క కలగాపులగం. సరిహద్దు రాజకీయంలో కోనన్‌కు సమానంగా నిలిచే యాస్మినా, ఓడదొంగల నాయకురాలు బెలిట్ ఒక పక్క ఉంటే, అట్టమీది బొమ్మ కోసమే బట్టలు చిరిగినట్టు కనిపించే పాత్రలు ఇంకో పక్క ఉన్నాయి. కాలం అలాంటిదని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అదే వియర్డ్ టేల్స్‌లో 1934లోనే సి.ఎల్. మూర్ అనే రచయిత్రి జిరెల్ అనే యోధురాలిని నాయికగా నిలబెట్టింది.

హోవర్డ్ తర్వాత వచ్చినవాళ్లే ఈ వాదానికి అసలు పరీక్ష. ఈ సంప్రదాయానికి కండలే ప్రాణమైతే, కండలు తీసేసినప్పుడు అది చచ్చిపోవాలి. చావలేదు. మూర్ నాయిక శత్రువు మీద పగతో నరకం లాంటి లోకంలోకి దిగి, తెచ్చుకున్న ఆయుధానికి తానే మూల్యం చెల్లిస్తుంది. 1961లో ఈ తరహాకు పేరు పెట్టిన ఫ్రిట్జ్ లైబర్, లాంక్‌మార్ నగరపు ఇద్దరు దొంగలతో హాస్యం కలిపి రాశాడు. ఆ స్నేహం ఎలా మొదలైందో చెప్పే 'ఇల్ మెట్ ఇన్ లాంక్‌మార్' మాత్రం మంత్రానికి బలైన ఇద్దరు స్త్రీల చావు దగ్గరికే తీసుకెళ్తుంది. మైకేల్ మూర్‌కాక్ సృష్టించిన ఎల్రిక్ మందుల మీద బతికే రోగి. అతనికి బలమిచ్చే కత్తే అతను ప్రేమించినవాళ్ల ఆత్మల్ని తాగేస్తుంది. చార్లెస్ సాండర్స్ అనే నల్లజాతి రచయిత, హోవర్డ్ లోపాన్ని చూసి కూడా ఆ పద్ధతిని వదలక, ఆఫ్రికాను మూలంగా చేసుకున్న లోకంలో ఇమారోను సృష్టించాడు. ఆ నవల 1981లో వచ్చింది. వీళ్లందరూ వీరుణ్ణి మార్చారు, భయాన్ని అట్టిపెట్టుకున్నారు. హోవర్డ్ పోయాక కోనన్ పేరు మీద పుట్టుకొచ్చిన అనుకరణల్లో చాలావాటికి సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. కండలు మిగిలాయి, భయం పోయింది, కథ పిండి బొమ్మయింది. అందుకే హోవర్డ్‌ను కొత్తగా చదవబోయేవాళ్లు సినిమా నుంచి కాక ఏనుగు గోపురం నుంచి మొదలుపెట్టడం మంచిది. కొత్తగా ఈ తరహాలో రాయబోయేవాళ్లు తమ వీరుడు ఎంత బలవంతుడో నిర్ణయించే ముందు, అతని బలం ఎక్కడ చాలదో తేల్చుకోవాలి.