పాఠంలో పొదిగిన వీడియో: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు:
• ఆన్‌లైన్ పాఠంలోని వీడియో ఎందుకు ఆలస్యంగా తెరుచుకుంటుందో వివరించగలుగుతారు.
• పాఠ్యరచనలో అక్షరానికీ దృశ్యానికీ ఉండవలసిన సంబంధాన్ని చర్చించగలుగుతారు.
• మీరు చదివే ఏ ఆన్‌లైన్ పాఠాన్నైనా విమర్శకుని దృష్టితో అంచనా వేయగలుగుతారు.

2. ప్రవేశం

విమర్శ అనగానే మనకు కావ్యం, నాటకం, కథ గుర్తుకు వస్తాయి. పాఠం కూడా ఒక రచనే కాబట్టి దానినీ విమర్శకు పెట్టవచ్చు. ఏది ముందు చెప్పారు, ఏది వెనుక చెప్పారు, చదువరి పరిస్థితిని ఎంతవరకు గుర్తుంచుకున్నారు అన్న ప్రశ్నలు పాఠానికీ వర్తిస్తాయి.

నాయుడుపేటలో ఉండే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. మేనకూరు పారిశ్రామిక వాడలో షిఫ్టు ముగించుకొని బస్సెక్కింది. చదువుకోవడానికి ఆమెకు రోజులో దొరికే సమయం ఆ కాసేపే. ఫోన్‌లో పాఠం తెరిచింది. శీర్షిక కనిపించింది. దాని కింద నల్లటి పెట్టె, అందులో గుండ్రంగా తిరిగే గుర్తు. వీడియో రాలేదు. సరే, కింద ఉన్న వ్యాసమైనా చదువుదామనుకుంది. రెండు వాక్యాలు చదివేలోపు పైనున్న పెట్టె ఒక్కసారిగా పెద్దదై, చదువుతున్న పంక్తి కిందికి జారిపోయింది. దాన్ని వెతుక్కునేలోపు దిగవలసిన చోటు వచ్చింది.

ఇది సిగ్నల్ లోపమా, రచనా లోపమా? సిగ్నల్ బలహీనంగా ఉండవచ్చు. కానీ ఆ బలహీనతను లెక్కలోకి తీసుకోకుండా పాఠాన్ని అమర్చడం రచనా లోపమే అన్నది ఈ వ్యాసం వాదన.

3. ఆలస్యానికి కారణాలు

వేరే సర్వర్‌లో ఉన్న వీడియోను మన పేజీలోనే ఆడేలా అమర్చితే దానిని ఎంబెడెడ్ వీడియో అంటారు. ఇక్కడ పొదిగిన వీడియో అని వ్యవహరిద్దాం. పేజీ తెరవగానే ఫోన్ ఆ రెండో సర్వర్‌తో కూడా సంబంధం కలుపుకోవాలి. వీడియోను ఆడించే ప్లేయర్ ప్రోగ్రామును దింపుకోవాలి. మీరు ప్లే బటన్ నొక్కకపోయినా సాధారణంగా ఈ పని జరిగిపోతుంది. ఒకే పేజీలో ఐదు వీడియోలు పొదిగితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. తక్కువ ధర ఫోన్‌లలో ఈ ప్రోగ్రాములను నడపడానికే ప్రాసెసర్‌కు సమయం పడుతుంది.

ఇక వీడియో బరువు చూద్దాం. యూనికోడ్‌లో (యు.టి.ఎఫ్-8 పద్ధతిలో) ఒక్కొక్క తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన 800 మాటల తెలుగు వ్యాసం ఇంచుమించు 20 కిలోబైట్లు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున తయారుచేసిన 10 నిమిషాల వీడియో 75 మెగాబైట్లు. అంటే వ్యాసానికి 3,750 రెట్లు. ఫోన్‌కు సెకనుకు అర మెగాబిట్ వేగమే అందుతోందనుకోండి. వ్యాసం అర సెకను లోపే వస్తుంది. 10 నిమిషాల వీడియో రావడానికి 20 నిమిషాలు పడుతుంది. నాణ్యత తగ్గిస్తే వీడియో త్వరగా రావచ్చు, కానీ నల్లబల్ల మీది అక్షరాలు అలుక్కుపోతాయి.

4. నేపథ్యం

దూరవిద్యకు దృశ్య మాధ్యమం కొత్తది కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. నేడు అది డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అక్కడ ముద్రిత పాఠ్యగ్రంథం పునాది. ఆడియో, వీడియో పాఠాలు దానికి తోడు.

నాయుడుపేట నుంచి చెన్నై వైపు రైలెక్కితే సూళ్లూరుపేట వస్తుంది. అక్కడికి దగ్గరలోని శ్రీహరికోట నుంచే 2004 సెప్టెంబరు 20న ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. పూర్తిగా విద్య కోసం మన దేశం రూపొందించిన తొలి ఉపగ్రహం అది. ఉపగ్రహ ప్రసారంలో ఒక్క ప్రసారమే అన్ని కేంద్రాలకూ చేరుతుంది. చూసేవారు పెరిగినా భారం పెరగదు. పొదిగిన వీడియో అలా కాదు. ప్రతి విద్యార్థీ తన ప్రతిని తానే, తన రీచార్జి డబ్బుతో దింపుకోవాలి. ప్రసార సమయానికి కట్టుబడవలసిన అవసరం తప్పింది, నిజమే. దానితో పాటు ఖర్చు, నిరీక్షణ మాత్రం సంస్థ మీద నుంచి విద్యార్థి మీదికి వచ్చాయి.

5. విమర్శ

2017 జులై 9న ప్రారంభమైన ‘స్వయం’ వేదికలో కోర్సుకు నాలుగు అంగాలు ఉంటాయి: వీడియో పాఠం, దింపుకొని ముద్రించుకోదగిన పఠన సామగ్రి, స్వీయ మూల్యాంకన పరీక్షలు, సందేహాల చర్చ. కాగితం మీద ఇది సమతూకమైన నిర్మాణం. వీడియోతో పాటు దాని లిఖిత ప్రతి కూడా ఉండాలన్నది యు.జి.సి. 2016 నిబంధనల్లోనే ఉంది. ఈ నియమం విలువ వీడియో ఆగిపోయినప్పుడే తెలుస్తుంది. లిఖిత ప్రతి ఉంటే విద్యార్థి ముందుకు సాగుతాడు. లేకపోతే పాఠం అక్కడే ఆగుతుంది.

ఆన్‌లైన్ పాఠాన్ని అంచనా వేయడానికి రెండు ప్రశ్నలు చాలు.

మొదటిది: వీడియో తీసేస్తే పాఠం ఏం కోల్పోతుంది? వీధి భాగవతంలోని అభినయాన్ని మాటల్లో ఎంత వర్ణించినా చూసినట్లు కాదు. రసాయనశాస్త్రంలో టైట్రేషన్ చేసేటప్పుడు రంగు మారే క్షణం కూడా అంతే. ఇక్కడ వీడియో అవసరం. పద్య పఠనానికి శబ్దం చాలు. సెకనుకు 64 కిలోబిట్ల ఆడియో 10 నిమిషాలకు 4.8 మెగాబైట్లే. అధ్యాపకుడు కూర్చొని పుస్తకంలోని వాక్యాలనే చదివే వీడియోను తీసేస్తే పాఠం కోల్పోయేది చాలా తక్కువ.

రెండవది: వీడియో రాకపోతే పాఠం నిలబడుతుందా? “పై వీడియోలో చూసినట్లు” అని వాక్యం మొదలుపెట్టి, చూసినదేమిటో చెప్పకుండా ముందుకు వెళ్లే పాఠం నిలబడదు.

6. ప్రతివాదం

ఇప్పుడు డేటా చౌక, ఇది పాత సమస్య అని కొందరు అనవచ్చు. 2016 తరువాత డేటా ధరలు బాగా తగ్గిన మాట వాస్తవం. అయితే ఒకే టవర్‌ను ఎక్కువమంది వాడే వేళ ఒక్కొక్కరికి అందే వేగం తగ్గుతుంది. ఒకే ఫోన్‌ను అన్నాచెల్లెళ్లు పంచుకునే ఇంట్లో రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోవచ్చు. చదవడం చేతకానివారికీ చూపు మందగించినవారికీ వీడియో మేలు కదా అన్న వాదనలో బలం ఉంది. వారికోసమైనా అది ఆగకుండా నడవాలి కదా!

పరిష్కారాలు కష్టమైనవేమీ కావు. పేజీలో వీడియోకు బదులు ఒక చిన్న చిత్రాన్ని ఉంచి, నొక్కినప్పుడే ప్లేయర్ వచ్చేలా చేయవచ్చు. వీడియోకు కావలసిన స్థలాన్ని ముందే కేటాయిస్తే పంక్తులు జారిపోవు. నిడివి ఎంతో, ఎన్ని మెగాబైట్లో పక్కనే రాస్తే చూడాలా వద్దా అన్నది విద్యార్థి నిర్ణయించుకోగలుగుతాడు.

7. సారాంశం

పొదిగిన వీడియో పాఠానికి తోడుగా ఉండాలి, వాకిట్లో అడ్డుగా నిలవకూడదు. అక్షరం ముందుగా, తేలికగా చేరాలి; దృశ్యం అవసరమైన చోట, అడిగినప్పుడు రావాలి. దూరాన ఉన్నవారికి చదువు అందించడమే దూరవిద్య లక్ష్యం. బస్సులో కూర్చున్న ఆ విద్యార్థినికి ఆ కాసేపట్లో ఒక పేజీ అయినా అందిందా లేదా అన్నదే పాఠానికి అసలు పరీక్ష.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉపగ్రహ ప్రసారానికీ పొదిగిన వీడియోకూ గల తేడాను ఐదు వాక్యాలలో రాయండి.
2. మీ కోర్సులోని ఒక ఆన్‌లైన్ పాఠాన్ని తీసుకొని, పై రెండు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ విమర్శ రాయండి.