రాజకీయ భావముల పటచిత్రణము: గోరా, రంగాల సాక్ష్యము

రాజకీయ సిద్ధాంతములను రెండు గీతల నడుమ చుక్కలుగా గుర్తించు పద్ధతి నేడు విరివిగా వ్యాపించినది. అడ్డగీత వామ దక్షిణములను, నిలువుగీత అధికార స్వేచ్ఛలను తెలుపును. 1789లో ఫ్రెంచి జాతీయసభ సభ్యులు కూర్చున్న దిక్కులనుండి వామ దక్షిణ విభాగము పుట్టినది. ఆ గీత యొక్కటియే చాలదని హాన్స్ ఐసెంక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1954లో ప్రకటించిన గ్రంథమున కఠిన మృదు స్వభావములను కొలుచు రెండవ గీతను చేర్చెను. తరువాత అమెరికాలో డేవిడ్ నోలన్ ఆర్థిక స్వేచ్ఛ, వ్యక్తి స్వేచ్ఛ అను కొలతలతో వేఱొక పటము గీసెను. రచయితల భావజాలమును నిర్ణయించుటకును ఇట్టి పటము అక్కరకు వచ్చునను తలంపు పరిశోధకులకు కలుగుట సహజము. ఆ తలంపును కృష్ణాతీరమునందలి రెండు జీవితములతో పరీక్షింతుము.

గోరా యని ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902-1975) ముదునూరులో 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రము 1947లో విజయవాడకు తరలినది. నేడది బెంజి సర్కిల్ చెంత నున్నది. గోరా ఆర్థిక సమానత్వమును కోరెను గావున ఆయన చుక్కను వామమునకు జరుపవలెను. పార్టీలు లేని ప్రజాస్వామ్యమును బోధించెను గావున స్వేచ్ఛ దిశకు జరుపవలెను. గ్రామస్వరాజ్యమును చెప్పిన గాంధీజీ చుక్కయు ఆ దాపుననే పడును. కాని వారిరువురి సంవాదమునకు మూలమైనది దైవమును గూర్చిన ప్రశ్న. 1951లో వెలువడిన గోరా గ్రంథము 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' ఆ సంవాదమును గూర్చినదే. పటమున ఆ ప్రశ్నకు తావు లేదు. కులమునకును లేదు. గోరా కుమారుడు లవణం 1960లో మహాకవి జాషువా కుమార్తె హేమలతను వివాహమాడుట ఏ గీతపై ఎంత జరుగుట యనవలెను? 'గబ్బిలము' చదివినవారు కులము రాజకీయము కాదని చెప్పజాలరు.

మూడవ గీత చేర్చిన చాలదా యని యడుగవచ్చును. చాలదు. చుక్క స్థానమును మాత్రమే చూపును, హేతువును చూపదు. ఇందుకు నిడుబ్రోలు వాస్తవ్యుడగు ఆచార్య ఎన్.జి. రంగా (1900-1995) జీవితము తార్కాణము. ఆయన జమీందారీని ప్రతిఘటించి, 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ నాయకులలో ఒకడయ్యెను. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయమును తీర్మానింపగా దాని నెదిరించి, స్వతంత్రపార్టీకి తొలి అధ్యక్షుడయ్యెను. పటముపై ఇది వామమునుండి దక్షిణమునకు దుముకుట. కాని జమీందారు నెదిరించినపుడును, సహకార క్షేత్రము నెదిరించినపుడును ఆయన పట్టు ఒక్కటే: సేద్యము చేయు రైతునకు భూమిపై హక్కు. మారినది ఆ హక్కునకు ఎదురు నిలిచిన శక్తి. ఇట్లు చూచినపుడే అసలు ప్రశ్న తోచును. ఆ హక్కులో పాలేరునకు పాలెంత? చుక్కను జరుపుటతో తృప్తి చెందిన విమర్శకునికి ఈ ప్రశ్న తట్టనే తట్టదు.

పటము బొత్తిగా నిరుపయోగ మనుట మా మతము కాదు. ఒకే శాసనముపై పలువురి యభిప్రాయములను పోల్చుటకు అది కొంత తోడ్పడును. గ్రంథమును గాని, జీవితమును గాని వ్యాఖ్యానింపబూనిన పరిశోధకుడు మాత్రము, ఆ రచయిత ఎవరికొఱకు, ఎవరి కెదురుగా, ఏ హేతువుచేత పలికెనో ముందు నిర్ణయింపవలెను. అది తేలిన పిదప చుక్క పెట్టినను హాని లేదు. పెట్టకున్నను లోపము లేదు.