ఐదు వాద్యాలు చాలు

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు కట్టుకునే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ లైబ్రరీ కొనమంటారు సార్?" వాళ్ల ఆత్రుత నాకు తెలుసు. సంగీత సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు తగిలించుకునే వీఎస్‌టీ పద్ధతిని స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1996లో తెచ్చింది. 1999లో దాన్ని వాద్యాలకూ విస్తరించింది. ఆ తర్వాత స్టూడియోలో ఉండే సరంజామా అంతా లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. ప్రతి నెలా కొత్త టోన్లు వస్తాయి, పండగ డిస్కౌంట్లు వస్తాయి, హార్డ్ డిస్క్ నిండిపోతుంది. పాట మాత్రం పల్లవి దగ్గరే ఆగిపోతుంది.

నేను చెప్పే జవాబు చిన్నది. ఒక పియానో, ఒక తంబూరా, ఒక స్ట్రింగ్స్, ఒక సింథ్, ఒక తాళవాద్యం పెట్టుకోండి. ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూడండి: మన వేలు కదిలినట్టు శబ్దం కూడా కదులుతోందా?

పియానోతో మొదలుపెడదాం. సాలమాండర్ గ్రాండ్ పియానో అని ఉచితంగా దొరికే లైబ్రరీ ఉంది. యమహా సీ5 పియానోలో మూడు మెట్లకొకటి చొప్పున తీసుకుని, ఒక్కో మెట్టును 16 స్థాయుల బలంతో నొక్కి రికార్డు చేశారు. ఆ లెక్కన 88 మెట్ల పియానోకు 30 స్థానాలు, 480 శబ్దాలు. మధ్య మెట్లకు పక్క శబ్దాన్నే కాస్త పైకో కిందకో జరిపి వాడతారు. దీనికి పూర్తిగా భిన్నమైన దారి పియానోటెక్‌ది. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌కు చెందిన మోడార్ట్ కంపెనీ 2006లో తెచ్చిన ఈ వాద్యం పియానో రికార్డింగుల మీద ఆధారపడదు. సుత్తి తీగను కొట్టడం, తీగ కంపించడం, చెక్క మోగడం, ఇవన్నీ గణితంతో అప్పటికప్పుడు లెక్కగడుతుంది. అందుకే దాని సైజు 50 ఎంబీ దగ్గరే ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే నా ఓటు దీనికే. మెల్లగా నొక్కినప్పుడూ గట్టిగా కొట్టినప్పుడూ మధ్యలో ఎక్కడా అతుకు తెలియదు. డబ్బు లేకపోతే సాలమాండర్‌తో నిశ్చింతగా పాట పూర్తి చేయవచ్చు. దొంగ కాపీల జోలికి వెళ్లాల్సిన అవసరమే ఈ రోజుల్లో లేదు.

అసలు కష్టం మన రాగాల దగ్గర మొదలవుతుంది. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1963లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మెలోట్రాన్ అనే కీబోర్డు తయారైంది. ఒక్కో మెట్టు కింద ఒక టేపు ముక్క ఉండేది. నొక్కి ఉంచితే ఎనిమిది సెకన్లపాటు వయొలినో వేణువో పలికి ఆగిపోయేది. అరవై ఏళ్లు దాటినా శాంపిల్ స్వభావం మారలేదు. ఎవరో, ఎప్పుడో, ఒక స్వరాన్ని నిలబెట్టి వాయించారు. దాన్నే మనం మళ్లీ మోగిస్తున్నాం. పాశ్చాత్య సంగీతానికి అది చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ స్వరం ఎక్కువగా తన చోటే నిలుస్తుంది. మన తోడిలో గాంధారం నిలవదు. కింద శుద్ధ రిషభానికీ పైన శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడమే గమకం, అది తీసేస్తే అక్కడ తోడే ఉండదు.

ఏ లైబ్రరీ కొనే ముందైనా, దాని ట్రయల్ దొరికితే, నేను చేయమనే పరీక్ష ఇదే: తోడి గాంధారం వాయించండి. సాధారణ గాంధారం మీద వేలు పెట్టి, పిచ్ వీల్‌ను కిందకీ పైకీ ఆడించండి. మామూలుగా ఆ వీల్ అటు రెండు, ఇటు రెండు స్వరస్థానాలు జరుగుతుంది. తోడి గాంధారానికి సరిగ్గా అంతే కావాలి. ఇప్పుడు వినండి. రికార్డు చేసేటప్పుడే కళాకారుడు కంపనం కలిపి వాయించి ఉంటే, దాని మీద మీ గమకం ఎక్కి రెండు ఊపులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అలాంటి టోన్ ఎంత తియ్యగా ఉన్నా వదిలేయండి. కంపనం లేకుండా వాయించిన స్వరాలు అందులో విడిగా ఉంటే, అప్పుడు ఆలోచించవచ్చు.

వీణ ఇంకా కఠినం. బొబ్బిలి వీణను పనస చెక్కతో చేస్తారు. తీగను మెట్టు మీద పక్కకు లాగితే స్వరం పెరుగుతుంది, కానీ కుండ మారదు. దాని మోత అక్కడే ఉంటుంది. శాంపిల్‌ను పైకి జరిపితే తీగతోపాటు కుండ కూడా జరిగిపోతుంది. రెండు స్థానాల వరకు చెవి సర్దుకుంటుంది. నాలుగైదు లాగేసరికి వీణ చిన్నదైపోయినట్టు వినిపిస్తుంది. రాగ ఛాయను మోయాల్సిన బాణీకి శాంపిల్ వీణను నేను వాడను. పాట మొత్తం కంప్యూటర్‌లో చేసినా సరే, ఆ నాలుగు వరుసలకు ఒక వైణికురాలిని పిలవండి. అది కుదరనప్పుడు ఆడియో మోడలింగ్ కంపెనీ స్వామ్ వేణువు, వయొలిన్ లాంటివి మేలు. అవి అప్పటికప్పుడు శబ్దాన్ని పుట్టిస్తాయి కాబట్టి జారు, కంపితం కాస్త నమ్మకంగా పలుకుతాయి.

తంబూరా సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. శ్రుతి మారదు, మీటే తీరు మారదు. కాబట్టి మంచి తంబూరాను నిమిషాలపాటు తీసిన ఒక్క రికార్డింగు చాలు. శాంపిల్‌కు ఇంతకంటే తగిన వాద్యం నాకు తెలియదు.

స్ట్రింగ్స్ కోసం స్పిట్‌ఫైర్ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ తీసుకోండి. లండన్‌లోని మైడా వేల్ స్టూడియోలో రికార్డు చేసిన వాద్యబృందం అది. ప్రొఫెషనల్ వెర్షన్‌కు 600 జీబీ దాకా స్థలం కావాలి, డిస్కవర్‌కు 200 ఎంబీ చాలు. ఎడమ చేత్తో మాడ్ వీల్ తిప్పుతూ కుడి చేత్తో వాయించడం అలవాటు చేసుకుంటే, ఆ చిన్న వెర్షనే ఊపిరి పోసుకుంటుంది. పెద్ద లైబ్రరీలతో ఇంకో చిక్కుంది. కంప్యూటర్ మీద భారం పెరిగితే బఫర్ పెంచాల్సి వస్తుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో (ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్క కొలత) బఫర్ 128 ఉంటే దానివల్ల వచ్చే ఆలస్యం మూడు మిల్లీసెకన్లలోపే. 1024కు పెంచితే 21 దాటుతుంది. అప్పుడు వేలు ముందూ శబ్దం వెనకా నడుస్తాయి, ఆదితాళం కూడా కుదురుగా పడదు.

సింథ్‌కు 2018 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉన్న సర్జ్ ఎక్స్‌టీ చాలు, వైటల్ అయినా సరే. ఏదో ఒకటే ఉంచుకుని, రెడీమేడ్ టోన్లు పక్కన పెట్టి ఖాళీ ప్యాచ్‌తో మొదలుపెట్టండి.

ఇక తాళవాద్యం. ఒకే దెబ్బను పదేపదే మోగిస్తే యంత్రం కొట్టినట్టు ఉంటుంది. అందుకే మంచి లైబ్రరీల్లో ఒకే దెబ్బను అంతే బలంతో నాలుగైదు సార్లు రికార్డు చేసి, వరుసగా మార్చి మోగిస్తారు. డ్రమ్ కిట్‌కు అది చాలు. మృదంగంలో తొప్పి మీద వేసే గుమ్కి మళ్లీ గమకం లాంటిదే, శాంపిల్‌కు అంత తేలిగ్గా లొంగదు. డప్పుకైతే ఇంకో లక్షణం ఉంది. మంట దగ్గర కాచిన వెంటనే చర్మం బిగిసి ఖంగున మోగుతుంది, వాయించేకొద్దీ చల్లబడి వదులవుతుంది. ఒక్క రికార్డింగులో దొరికేది అందులో ఒక్క క్షణమే. కాచిన వెంటనే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి తీసుకుంటే రెండు వేర్వేరు డప్పులు మన చేతికి వస్తాయి. సిర్రతో దెబ్బలు వేరుగా, చిటికెన పుల్లతో వేరుగా, మెల్లగా, గట్టిగా, ఒక్కోటి నాలుగుసార్లు తీయాలి. వాటిని కీబోర్డు మీద పరచడానికి డీసెంట్ శాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆ శబ్దాలు మన పాటల్లో వాడతామని, ఎవరికైనా ఇస్తే డప్పు కళాకారుడి పేరుతోనే ఇస్తామని ఆయనకు ముందే చెప్పి, రాసుకుని మొదలుపెట్టాలి. కొత్త లైబ్రరీ కోసం ఈసారి డబ్బు దాచి ఉంటే, మీ ఊళ్లో డప్పు కొట్టే పెద్దాయన దగ్గరకు వెళ్లి ఆ డబ్బు ఆయనకు ఇవ్వండి.