వాషరు పక్షం

కాలమిస్టు పాత పాట ఈ శీర్షికను వదలకుండా చదివేవాళ్ళకు కొత్త కాదు: విప్పడానికి వీలున్న వస్తువును పారేయకూడదు. ఈ వారం ఆ పాటను మళ్ళీ ఎత్తించింది చంద్రగిరిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం. అర అంగుళం ఇత్తడి కొళాయికి వాషరు అడిగితే, కౌంటరు అవతలి కుర్రాడు కొళాయి వంక చూడనైనా లేదు. "వాషర్లు ఎవురు కొంటారు సార్ ఇప్పుడు? మొత్తం మార్చేయండి."

కారుతున్నది బచ్చలింట్లో తొట్టి మీది కొళాయి. ఈ వైపు పాత ఇళ్ళలో బాత్‌టబ్బంటే ఆ సిమెంటు తొట్టే. సెకనుకో చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే 21 లీటర్లు దాటుతుంది. తొట్టిలోనే కదా పడేది అనుకుంటే, తెల్లారేసరికి తొట్టి నిండి పొర్లేది బచ్చల్లోకే.

ఇంగ్లండులోని రాథర్‌హ్యామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ ఇత్తడి కార్ఖానా 1845లో పేటెంటు తీసుకున్న మరకొళాయి దీనికి ముత్తాత. దాని తెలివంతా ఆ చిన్న వాషరులో ఉంది. అరిగేది అది, మిగిలేది ఇత్తడి. గేటు వాల్వు కట్టేసి, స్పిండిల్ విప్పి చూస్తే పాత వాషరు మీద గుండ్రంగా గాడి పడి కనిపిస్తుంది. చేతిలో కొత్తది లేకపోతే దాన్నే తిరగేసి బిగించి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. పిడి దగ్గర ఊరుతుంటే మాత్రం తప్పు వాషరుది కాదు, గ్లాండుది. అక్కడ కాస్త నూలు చుట్టి బిగిస్తే చాలు.

ఊళ్ళో కోట ఉండగా కొళాయి గురించి రాయడమేమిటని అడిగే పాఠకులూ ఉన్నారు. అరవీటి రాజులు ఇక్కడి నుంచి ఏలినప్పుడు నీళ్ళకు బావులూ కోనేర్లే. కొళాయి కారే బాధ వాళ్ళకు లేదు, చేదుకొచ్చే బాధ మాత్రం నౌకర్లది. ఇప్పుడు చూస్తే, ఈ మండలంలోనే కట్టిన కల్యాణి డ్యాం నీళ్ళు తిరుమల, తిరుపతులకు పోతాయి. ఇక్కడ చాలా ఇళ్ళకు బోరే దిక్కు. ఆ నీళ్ళలోని ఉప్పు కొళాయి నోటి చుట్టూ తెల్లగా గార కడుతుంది, లోపల వాషరు కూర్చునే అంచునూ వదలదు.

కాలమిస్టు వాదం చిక్కుకున్నది అక్కడే. అంచు గుంటలు పడితే ఎన్ని కొత్త వాషర్లు వేసినా కారుతూనే ఉంటుంది. అంచును సానపట్టే పనిముట్టుంది గానీ, అది ఉన్న ప్లంబరు దొరకాలి. కారుతోందని ఇంకా గట్టిగా తిప్పితే వాషరు మరింత త్వరగా నలుగుతుంది. పైగా ఈ కొళాయిని రోజూ తిప్పేది కాలమిస్టు తల్లి, కీళ్ళ నొప్పులతో. "మళ్ళా ఇప్పినావా నాయనా? నాకు తిప్పను చేతగాకుండా ఉండాది, అది చూడు ముందు" అంది ఆమె.

లోపల సిరామిక్ బిళ్ళలుండే పావు తిప్పు కొళాయికి ఆ బలం అక్కర్లేదు, వేలితో నెడితే కట్టుకుంటుంది. కుర్రాడు చెప్పిన కారణం తప్పే, చెప్పిన సలహా మాత్రం ఆ ఇంటికి సరైనదే. ఇసుక రేణువు పడితే ఆ బిళ్ళలు గీసుకుపోతాయి కాబట్టి, బిగించే ముందు పైపును కాసేపు వదిలి కడగాలి. ఆ బిళ్ళలుండే కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందా అని కొనేటప్పుడే అడగాలి. దొరకదంటే ఆ కంపెనీ కొళాయి వద్దు.