చప్పుడు ఎటు నుంచి వచ్చింది?

1970ల చివరి షెవ్రొలే సీ10 పికప్ బానెట్ ఎత్తితే చాలా బండ్లలో కనిపించేది 5.7 లీటర్ల వీ8 ఇంజన్, దాని నెత్తిన క్వాడ్రాజెట్ కార్బురేటర్. తప్పెక్కడుందో చెప్పే కంప్యూటర్ అందులో లేదు. బండి ఢామ్మని బ్యాక్‌ఫైర్ కొడితే కారణం మనిషే తేల్చాలి. అమెరికాలో ఈ బండ్లను ఇంకా బతికిస్తున్న పాతకాలపు మెకానిక్‌లు ఆ కారణాన్ని పట్టుకునే తీరు చూసి తీరాల్సిన పనితనం.

పని తెలిసినవాడు స్పానర్ పట్టకముందే రెండు సంగతులు అడుగుతాడు. పేలింది పైన కార్బురేటర్‌లోనా, వెనక సైలెన్సర్‌లోనా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? ఈ జవాబులతోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

వదిలినప్పుడు వెనక పేలిందంటే, సిలిండర్లో కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరికి ఎగ్జాస్ట్‌ పైపులో గాలి దొరుకుతోందని అర్థం. పైపు జాయింటు వదులైతే ఆ సందులోంచి గాలి దూరుతుంది. అక్కడి మసి చారే సాక్ష్యం. కాలుష్యం తగ్గించడానికి ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే పంపు ఉన్న బండయితే, కాలు తీయగానే ఆ గాలిని పక్కకు మళ్లించాల్సిన వాల్వునూ చూడాలి.

తొక్కగానే పైన పేలితే దారి వేరు. పెట్రోలు తక్కువైన మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది. ఇన్‌టేక్ వాల్వు మళ్లీ తెరుచుకునే వేళకూ ఆ మంట ఆరకపోతే పైకి ఎగదన్నుతుంది. అందుకే మెకానిక్ ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, థ్రాటిల్‌ను చేత్తో కదిపి కార్బురేటర్ గొంతులోకి చూస్తాడు. కదిపీ కదపగానే రెండు సన్నని పెట్రోలు ధారలు తెగకుండా చిమ్మాలి. ఆలస్యమైనా, ఒకటే వచ్చినా యాక్సిలరేటర్ పంపును అనుమానించాలి.

ధారలు బాగుంటే చూపు డిస్ట్రిబ్యూటర్ మీదికి మళ్లుతుంది. క్యాప్ లోపల వెంట్రుకంత పగులున్నా కరెంటు దారి తప్పి వేరే సిలిండర్‌కు పోతుంది. ఈ ఇంజన్‌లో ప్లగ్గులు రవ్వ కొట్టే వరస 1-8-4-3-6-5-7-2. ఇందులో 5 వెంటనే 7 వస్తుంది, పైగా ఆ రెండు సిలిండర్లూ పక్కపక్కనే ఉంటాయి. వాటి వైర్లు ఆనుకుని సాగితే 5 తాలూకు కరెంటు ప్రభావంతో 7లో వేళ కాకుండానే రవ్వ పుట్టొచ్చు. తెలిసిన చెయ్యి ఆ రెండు వైర్లనూ ముందే ఎడం చేసి కడుతుంది.

వైర్లలోనూ తప్పు లేకపోతే తర్వాతి అనుమానం టైమింగ్ చైన్ మీద. అది సాగిందా అని చూడటానికి ఇంజన్ విప్పనక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి కొద్దిగా తిప్పి ఆపాలి. తర్వాత మెల్లగా వెనక్కి తిప్పుతూ డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్‌ను గమనించాలి. క్రాంక్ కదిలినా రోటర్ చాలాసేపు కదలకపోతే చైన్ వదులైందన్నమాట. ఈ ఇంజన్లో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పేది ఆ చైనే, క్యామ్‌షాఫ్ట్ తిప్పితేనే డిస్ట్రిబ్యూటర్ తిరుగుతుంది. కాబట్టి చైన్ సాగితే వాల్వులూ, రవ్వా రెండూ వెనకబడతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కార్బురేటర్‌లో ఒకే లయలో టప్, టప్ మంటూ ఉంటే? అసలు నేర్పు ఇక్కడ తెలుస్తుంది. క్యామ్‌షాఫ్ట్ మీద ఎగ్జాస్ట్ వాల్వును ఎత్తే గుబ్బ అరిగిపోతే కాలిన పొగకు బయటికి దారి ఉండదు. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోగానే అది ఆ దారిన పైకి తన్నుతుంది. తప్పు ఎగ్జాస్ట్‌ వైపు, చప్పుడు కార్బురేటర్‌లో! వాల్వు కవర్ తీసి రాకర్లు ఎంతెంత లేస్తున్నాయో ఒక్కొక్కటే కొలిస్తే మిగతావాటితో సమంగా లేవనిది దొరికిపోతుంది.

ఈ వరసలో ఖర్చులేని పరీక్షలు ముందు, విప్పాల్సినవి తర్వాత. ప్రతి పరీక్షా ఒక్క అనుమానానికే జవాబు చెబుతుంది. ఊహ మీద కార్బురేటర్ మార్చేసే మెకానిక్‌కూ, కొలిచి చూసి క్యామ్‌షాఫ్టే మార్చాలని చెప్పగలిగిన మెకానిక్‌కూ తేడా ఈ ఓపికలోనే ఉంది.