మొక్కల హార్మోన్లు – ఆకుతినే కీటకాలు: ‘రక్షణ’ భావనపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాలలోనూ, వాటిని అనుసరించి వెలువడే సిద్ధాంతగ్రంథాలలోనూ ఒక సూత్రం స్థిరపడిపోయింది. ఆకును నమిలి తినే పురుగు వస్తే జాస్మోనిక్ ఆమ్లం, సూక్ష్మజీవి గానీ రసం పీల్చే పురుగు గానీ వస్తే సాలిసిలిక్ ఆమ్లం. ఒకటి హెచ్చితే రెండవది తగ్గుతుంది. రక్షణకు వ్యయం చేసిన మొక్క పెరుగుదలలో వెనుకబడుతుంది. వీటన్నింటికీ ప్రయోగాధారం ఉంది. అయితే ఆ ఆధారం ఏ మొక్కలో, ఏ పురుగుతో, ఏ స్థితిలో లభించిందన్న వివరం క్రమంగా జారిపోయి సూత్రం మాత్రమే మిగిలింది. జారిపోయిన ఆ వివరాలను మళ్లీ ముందుకు తెచ్చి, సూత్రంపై ఆధారపడి మన పరిశోధనలలో చేస్తున్న నిర్ణయాలను పరీక్షించడమే ఈ వ్యాసోద్దేశం.

గాయం నుండి సంకేతం దాకా

కొలరాడో పెంకుపురుగు కొరికిన బంగాళాదుంప, టమాటా మొక్కల ఆకులలో ప్రోటీనేజ్ నిరోధకాలు పోగవుతాయని 1972లో గ్రీన్, రయన్‌లు చూపారు. పురుగు కడుపులో మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైములను ఇవి అడ్డుకుంటాయి. కొరికిన ఆకులోనే కాక పురుగు ముట్టని ఆకులలోనూ ఇవి కనిపించడం విశేషం. అంటే గాయపడిన చోటి నుండి ఏదో ప్రయాణిస్తున్నది. జాజిపూల తైలంలో 1962లో గుర్తించిన మిథైల్ జాస్మోనేట్ గాలి ద్వారా సోకినా టమాటా ఆకులలో ఆ నిరోధకాలు పుడతాయని ఫార్మర్, రయన్‌లు 1990లో నిరూపించారు. మరుసటి ఏడాది అదే ప్రయోగశాల సిస్టమిన్‌ను వెలికితీసింది. పద్దెనిమిది అమైనో ఆమ్లాల ఈ పెప్టైడే ఆ సంచార సంకేతమన్న అభిప్రాయం చాలాకాలం చెల్లుబాటయింది. జంతుశరీరంలోని పెప్టైడు హార్మోన్లతో పోల్చి చెప్పడానికి అది ఎంతో అనువుగా ఉండేది కదా!

2002లో గ్రెగ్ హోవె బృందం చేసిన అంటు ప్రయోగం ఈ అభిప్రాయాన్ని మార్చింది. జాస్మోనేట్‌ను తయారుచేసుకోలేని టమాటా మొక్కను, తయారుచేసుకున్నా గుర్తించలేని మొక్కను ఒకదానితో ఒకటి అంటుకట్టి, కింది భాగాన్ని గాయపరచి పై భాగంలో ప్రతిస్పందన ఉందో లేదో చూశారు. తేలిందేమంటే, తయారీ గాయపడిన ఆకులో జరగాలి; గుర్తింపు దూరపు ఆకులో జరగాలి. ప్రయాణించేది జాస్మోనేట్ గానీ దానికి సంబంధించిన పదార్థం గానీ కావాలి. సిస్టమిన్ పని గాయపడిన చోట ఆ సంకేతాన్ని బలపరచడం. ఇంత సరళమైన ప్రయోగం వెలువడి రెండు దశాబ్దాలు దాటినా పాత వర్ణన మన తరగతి గదుల నుండి పూర్తిగా తొలగలేదు.

2007లో జాజ్ మాంసకృత్తుల ఆవిష్కరణ ఇంకా మౌలికమైనది. ఐసోల్యూసిన్‌తో కలిసిన జాస్మోనేట్, సిఓఐ1 అనే గ్రాహకం ద్వారా జాజ్ మాంసకృత్తులను విచ్ఛిన్నం చేయిస్తుంది. అవి అణచి ఉంచిన ఎంవైసి2 వంటి జన్యు నియంత్రకాలు విడుదలవుతాయి. ‘హార్మోను రక్షణను పుట్టిస్తుంది’ అనే వాక్యం ఈ దృష్టితో సరికాదు. సామర్థ్యం మొక్కలో ముందే ఉంది. హార్మోను తొలగించేది దానిపై ఉన్న నిరోధాన్ని. అలాంటప్పుడు మొక్క తన సామర్థ్యాన్ని నిత్యం ఎందుకు అణచి ఉంచుతున్నదన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

వ్యయమనే ఉపమానం

దీనికి పరిచితమైన సమాధానం వ్యయం. 1998లో బాల్డ్విన్ అడవి పొగాకుపై చేసిన క్షేత్రప్రయోగం దీన్ని జాగ్రత్తగా చెప్పింది. పురుగు బెడద లేనప్పుడు మిథైల్ జాస్మోనేట్ పొందిన మొక్కలు తక్కువ విత్తనాలిచ్చాయి; బెడద ఉన్నప్పుడు, పొందని వాటికంటే మెరుగ్గా నిలిచాయి. లాభనష్టాలు పరిస్థితిని బట్టి తారుమారయ్యాయన్నమాట. మన గ్రంథాలలో మొదటి సగమే ఎక్కువగా ఉదహృతమవుతుంది.

పైగా ఈ వ్యయం కేవలం పిండిపదార్థాల కొరత కాదు. 2016లో హోవె బృందం ఐదు జాజ్ జన్యువులతో పాటు ఫైటోక్రోమ్ బి జన్యువునూ తొలగించిన అరబిడాప్సిస్‌ను పరిశీలించగా, అది పెరుగుదలనూ కీటక నిరోధాన్నీ ఏకకాలంలో నిలుపుకొంది. వ్యయసిద్ధాంతం కూలిపోయిందని కొందరు తొందరపడ్డారు. 2018లో అదే బృందం పది జాజ్ జన్యువులు లోపించిన మొక్కను వర్ణించింది: నిరోధం అధికం, ఎదుగుదల మందం, విత్తనోత్పత్తి క్షీణం. నా అంచనాలో ఈ రెండు ఫలితాలకు వైరుధ్యం లేదు. పెరుగుదలను తగ్గించడం కొంతవరకు సంకేతాల నిర్ణయం. ఒక హద్దు దాటాక నిజమైన కొరత. ‘బడ్జెట్’ అనే ఉపమానం ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపేస్తుంది.

రెండు గడుల పట్టిక

జాస్మోనేట్–సాలిసిలేట్ విభజన వరిపొలంలో పరీక్షకు నిలవాలి. 2009లో చైనా పరిశోధకులు వరిలో జాస్మోనేట్ తయారీకి అవసరమైన ఒక లైపాక్సిజనేజ్ జన్యువును నిశ్శబ్దం చేశారు. కాండం తొలిచే పురుగుకూ ఆకుముడత పురుగుకూ ఆ మొక్క లోకువైంది. సుడిదోమకు మాత్రం మరింత నిరోధకమైంది. ఈ రెండు బెడదలూ గోదావరి డెల్టా రైతుకు ఒకే మడిలో ఎదురు కాగలవు. కాబట్టి జాస్మోనేట్‌ను పెంచితే ‘కీటక నిరోధం’ పెరుగుతుందన్న వాక్యంలో ఏ కీటకమో చెప్పకపోవడం చిన్న లోపం కాదు.

పురుగు కూడా నిశ్చేష్టంగా లేదు. మన శనగపచ్చ పురుగుకు సమీప బంధువైన అమెరికా కంకిపురుగు, ఆహారంలోని జాస్మోనేట్, సాలిసిలేట్‌లనే గుర్తుగా గ్రహించి, విషాలను విరిచే సైటోక్రోమ్ పి450 జన్యువులను ఉత్తేజపరుస్తుందని 2002లో లీ, షూలర్, బెరెన్‌బామ్ చూపారు. మొక్క తనలో తాను చెప్పుకున్న మాటను తినేవాడు విని సిద్ధపడుతున్నాడు. హార్మోనును మొక్క ఆయుధంగా మాత్రమే వర్ణించే రచనలో ఈ సంగతికి చోటుండదు.

కొలిచేది ఏమిటి?

అసలు చిక్కు కొలమానంలో ఉంది. వార్ ప్రభృతులు 2011లో ప్రచురించిన వేరుశనగ అధ్యయనం జాస్మోనిక్ ఆమ్లం ప్రభావాన్ని పెరాక్సిడేజ్ వంటి ఎంజైములలోనే కాక, శనగపచ్చ పురుగు లద్దెల మీద కూడా పరిశీలించింది. దాని విలువ అక్కడే ఉంది. చాలా పరిశోధనలు ఎంజైము దగ్గరే ఆగి ‘రక్షణ వృద్ధి చెందింది’ అని ముగిస్తాయి. పెరాక్సిడేజ్ నీటి ఎద్దడికీ, ఉప్పుకూ పెరుగుతుంది; అది పెరిగినంత మాత్రాన లద్దె పురుగు తిండి మానదు.

రిచర్డ్ కార్బన్, ఇయన్ బాల్డ్విన్ 1997 నాటి తమ గ్రంథంలో చేసిన భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. తెలుగులో దాన్ని ఇలా నిలుపుకోవచ్చు. మొక్కలో వచ్చిన మార్పు ‘ప్రతిస్పందన’; పురుగు బరువు, మనుగడ తగ్గితే ‘నిరోధం’; మొక్క సంతానానికో దిగుబడికో మేలు జరిగితేనే ‘రక్షణ’. మూడింటికీ వేర్వేరు మాటలున్న భాషలో ఒక్క ‘రక్షణ’తో సరిపెట్టుకోవడం బద్ధకమే.

మరొక పద్ధతి లోపాన్నీ చెప్పాలి. మిథైల్ జాస్మోనేట్ ఆవిరయ్యే పదార్థం. గాలి ద్వారా పక్క మొక్కను చేరుతుందని 1990 నాటి ప్రయోగమే చెబుతున్నది. అయినా ఒకే హరితగృహంలో పిచికారీ చేసిన కుండీలూ, చేయని కుండీలూ పక్కపక్కనే పెట్టిన అధ్యయనాలు మనకు కొత్త కాదు. అప్పుడు పోలిక మొక్కలకూ మందు అంది, తేడా తగ్గి కనిపించవచ్చు. కుండీల మధ్య దూరమెంతో, గాలి మార్పిడి ఎలా జరిగిందో పద్ధతుల అధ్యాయంలో లేని సిద్ధాంతగ్రంథాన్ని పరీక్షకుడు ఫలితాల దాకా వెళ్లకముందే ఆ ప్రశ్న అడగవలసి ఉంటుంది.